ఐదు శ్రుతి గొంతు, యాభై సైకిళ్ల కరెంటు

నెల్లూరు మూలాపేటలో గానీ, పెన్నొడ్డున రంగనాయకులపేటలో గానీ, అటు ఒంగోలు కేశవస్వామిపేటలో గానీ, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతు మొదట ఎక్కడ విన్నారని పాతతరం వాళ్లని అడగండి. కచేరీలో అని చెప్పేవాళ్లు తక్కువ. గుడి మీది మైకులో అంటారు. ఇంకా చీకటి విడకముందే గుడి తలుపు కిర్రుమనేది, ఆంప్లిఫయరు స్విచ్చి వేయగానే ‘డబ్’మని ఒక దెబ్బ, ఆ వెనక బుయ్యిమని కరెంటు మోత, దాన్ని చీల్చుకుంటూ ‘కౌసల్యా సుప్రజా’. పాల సైకిళ్లు, బావుల దగ్గర గిలకలు, వాకిట్లో కళ్లాపి చల్లిన చప్పుడు, అన్నీ ఆ గొంతు కిందే జరిగేవి. ధనుర్మాసంలో ఇంకో గంట ముందే మొదలయ్యేది.

ఆ వినడంలో ఒక చిక్కుంది. గుడి మీద ఉండే కోను మైకు మనిషి మాటలు దూరం పోవడానికి చేసిన సాధనం. సుమారు 400 హెర్ట్జ్ కింద అది పలకదు, 5,000 పైన కూడా పెద్దగా పలకదు. కాబట్టి గొంతులోని బరువంతా గోపురం దగ్గరే ఆగిపోయి, సన్నటి మధ్యభాగం ఒక్కటే వీధుల్లోకి వచ్చేది. ఎం.ఎస్.ది తీగలాంటి పల్చని గొంతు అని మన వైపు చాలామందికి నాటుకుపోయింది అందుకే. అదే గ్రామఫోను ప్లేటుని మంచి స్పీకరు మీద మొదటిసారి విన్నవాళ్లు మంద్రంలోకి, అంటే కింది స్థాయికి, దిగినచోట ఉలిక్కిపడతారు. కింద అంత గది ఉందని ఎవరూ చెప్పి ఉండరు.

రెండో చిక్కు మరీ పెద్దది. గుడి కేసెట్టు నడిచీ నడిచీ, బెల్టు సాగీ సాగీ, పాట అసలు శ్రుతిలో ఉండేది కాదు. శ్రుతి అంటే పాట నిలబడే ఆధారస్వరం ఎత్తు, దాన్ని నాలుగు, నాలుగున్నర, ఐదు అని లెక్కపెడతారు. ఒక వీధి గుడిలో ఐదు శ్రుతిలో వినిపించిన సుప్రభాతం పక్క వీధి గుడిలో నాలుగున్నరకి జారేది. రెండు గుళ్లూ ఒకేసారి మొదలుపెట్టిన రోజు మధ్య సందులో నిలబడ్డ సంగీతజ్ఞుడి గతి ఏమిటో చెప్పనక్కర్లేదు.

పాత రికార్డుల్లో ఒక గొంతుని మెచ్చుకునే ముందు దాన్ని దాని శ్రుతికి తేవాలి. ఇది చేయకుండా ‘చిన్నప్పటి గొంతు కీచుగా ఉంది’, ‘పెద్దయ్యాక బొంగురుపోయింది’ అని తీర్పులు చెప్పేవాళ్లు చాలామంది నిజానికి మోటారు మీద తీర్పు చెబుతున్నారు.

సుప్రభాతం ప్లేటు 1963లో హెచ్ఎంవీ వాళ్లు తెచ్చారు. పక్కన పాడింది ఎం.ఎస్. పెంచిన కూతురు రాధా విశ్వనాథన్. ప్రతివాది భయంకరం అణ్ణన్ రచనలో సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14, వెరసి 70. రాయల్టీ దేవస్థానానికి రాసిచ్చారు. ఇవన్నీ మన వైపు చాలామందికి తెలిసిన సంగతులే. వినేటప్పుడు గమనించాల్సింది ఇంకొకటి: అందులో గొంతులు రెండు. బాగున్న ప్లేటు మీద రాధగారి గొంతు ఎం.ఎస్. గొంతుకి నూలుపోగంత ఎడంగా, స్పష్టంగా, ఒక అంచులా వినిపిస్తుంది. గుడి కేసెట్లలో రెండూ కలిసి ఒక ముద్ద. ఒకే మనిషి పాడిందనుకున్న వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ముద్ద ఎందుకవుతుందో కేసెట్ల దగ్గరికి వచ్చాక చెప్పుకుందాం.

అంతకు ముందటివి లక్క ప్లేట్లు. నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. ఎం.ఎస్. పదేళ్ల పిల్లగా 1926లో మొదటి రికార్డు ఇచ్చారు. అక్కడినించి 1950ల దాకా ఆమె గొంతు మనకి మిగిలింది చాలావరకు ఈ ప్లేట్ల మీదే. పది అంగుళాల ప్లేటు ఒక్కో పక్క మూడు, మూడుంబావు నిమిషాలు. పన్నెండు అంగుళాలదైతే నాలుగు, నాలుగున్నర. పల్లవి, అనుపల్లవి, ఒక్క చరణం, సందు దొరికితే నాలుగు స్వరాలు, అంతే. ఆ రోజుల్లో అందరూ పరుగెత్తి పాడేవాళ్లనుకోవడం పొరపాటు. ప్లేటు అయిపోతుందని పరుగెత్తారు. కచేరీలో అరగంట పాడే కీర్తనని మూడు నిమిషాల్లో కుక్కినా ఎక్కడా తొక్కిసలాట వినపడనీయకపోవడమే ఆ ప్లేట్లలో మెచ్చుకోవాల్సిన విద్య. బిర్కాలు, అంటే వేగంగా దొర్లే స్వరాల గుత్తులు, వచ్చినచోట చెవి పెట్టి వినండి: ప్రతి స్వరం విడివిడిగా రాలుతుంది, ఒకదానిమీద ఒకటి పడదు.

మద్రాసు సుమారు 175 కిలోమీటర్లే కాబట్టి నెల్లూరుకి ప్లేట్లు అక్కడినించే వచ్చేవి. కుక్క బొమ్మ ఉండే హెచ్ఎంవీవి కొన్ని, ఓడియన్ వాళ్లవి కొన్ని. పెళ్లిళ్లకి గ్రామఫోను అద్దెకి తెచ్చేవాళ్లు, కీ ఇచ్చే పని పిల్లలది. ఆ పిల్లలకి పెద్దలు చెప్పిన కట్టడి ఒకటే: ఒక ముల్లు ఒక పక్కకే. లోభితనం చేసి అదే ఉక్కుముల్లుతో పది పక్కలు వాయించిన ఇళ్ల ప్లేట్లు ఇవాళ బూడిదరంగుకి తిరిగి ఉంటాయి. కారణం ఉంది. లక్కలో రాతిపొడి కలుపుతారు. తిరగడం మొదలైన కాసేపట్లోనే ఆ రాతిపొడి ముల్లు మొనని అరగదీసి గాడి ఆకారానికి తెస్తుంది. అంటే ముల్లు అరగడానికే పుట్టింది, ప్లేటు కాదు. మూడు నిమిషాల తర్వాత ఆ మొన ఉలి అంచులా తయారవుతుంది. దాన్ని ఇంకో ప్లేటు మీద పెడితే అది గాడిని చెక్కుతుంది. పైగా ముల్లు బిగించే ఆ సౌండుబాక్సు బరువు వంద గ్రాములకి పైమాటే. ప్లేటు చివర్లో, గొంతు గట్టిగా ఎత్తినచోట ఎక్కువగా చెక్కేస్తుంది. అందుకే పాత ప్లేట్లలో తారస్థాయి షడ్జం, అంటే పై ‘స’ దగ్గరే ‘గరగర’ ఉంటుంది. గొంతు పగిలింది కాదు, గాడి గోడ పగిలింది.

ఇప్పుడు వాటిని వాయించాలంటే ఎల్పీకి, అంటే తర్వాత వచ్చిన వినైల్ ప్లేటుకి, వాడే ముల్లు పనికిరాదు. ఎల్పీ ముల్లు మొన 18 నుంచి 25 మైక్రాన్లు. 78 ప్లేటు గాడికి సుమారు 75 మైక్రాన్ల మొన కావాలి. సన్నముల్లు గాడి గోడల్ని తాకకుండా అడుగున ఉన్న దుమ్ములో దొర్లుతుంది. వచ్చేది పాట కాదు, ఇసుక. బరువు కూడా ఎల్పీకి ఒకటిన్నర, రెండు గ్రాములైతే వీటికి మూడున్నర నుంచి ఐదు దాకా పెట్టాలి. తక్కువ పెడితే మంచిదనుకుంటారు, తప్పు. ముల్లు ఎగిరెగిరి పడి గోడలకి దెబ్బ తగులుతుంది.

కడగడం గురించి ఒక్కమాట గట్టిగా చెప్పాలి. లక్క ప్లేటుని స్పిరిట్‌తో తుడవకూడదు. మన వడ్రంగులు బీరువాలకి, తలుపులకి పాలిష్ పెట్టేది లక్కని స్పిరిట్‌లో కరిగించే కదా. ఆ లక్కే ఇది. స్పిరిట్ గుడ్డ తగలగానే గాడి మెత్తబడి, మెరుపు పోయి, పాట చెరిగిపోతుంది. లీటరు నీళ్లలో గిన్నెలు తోమే సబ్బుద్రావకం రెండు చుక్కలు వేసి, మెత్తటి బ్రష్షుతో గాడి వెంటే గుండ్రంగా తోమాలి, అడ్డంగా కాదు. మధ్యలో కాగితం తడవకుండా చూసుకుని, మంచినీళ్లతో కడిగి, వెంటనే నీడలో ఆరబెట్టాలి. వినైల్ ఎల్పీకైతే డిస్టిల్డ్ వాటర్‌లో అయిదో వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపినా ఏమీ కాదు.

ఎండ సంగతి మన జిల్లాల వాళ్లకి వేరే చెప్పాలా. రోహిణి కార్తెలో పెంకుటింటి అటక మీద పెట్టిన ఎల్పీ అప్పడంలా వంకర తిరుగుతుంది. పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేర్చినవి కింద పళ్లెంలా అణుగుతాయి. నిలబెట్టి, మరీ బిగువు కాకుండా, మరీ వదులు కాకుండా ఉంచాలి. వంకర తిరిగిన ప్లేటు మీద ముల్లు ఎక్కి దిగుతుంటే శ్రుతి ఊగుతుంది. మంచి గమకమే (స్వరాన్ని ఊపి పాడటమే) అనుకుని మురిసిపోయిన వాళ్లూ ఉన్నారు. గమకానికి రాగం కారణం, ఈ ఊపుకి ప్లేటు చుట్టు కారణం. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు కాబట్టి 1.8 సెకన్లకొకసారి సరిగ్గా ఊగితే అది వంకరే.

ఇక రేడియో. ఈ విషయంలో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండూ ఒక వింత చోట ఉన్నాయి. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది, విజయవాడ 1948 డిసెంబరు 1న. నెల్లూరులో రెండూ వచ్చేవి, రెండూ పూర్తిగా వచ్చేవి కావు. ఒంగోలు, చీరాల వైపు విజయవాడ 837 కిలోహెర్ట్జ్ శుభ్రంగా పలికితే, గూడూరు, నాయుడుపేట వైపు మద్రాసు 720 గట్టిగా పలికేది. కావలి, కందుకూరు వాళ్లు రేడియో ముల్లు అటూ ఇటూ తిప్పుకోవాల్సిందే. పగలు మీడియం వేవ్ నేలవెంట వస్తుంది. చీకటి పడ్డాక ఆకాశం నుంచి తిరిగి పడేది కూడా దీంతో కలుస్తుంది. రెండూ ఒకసారి కలిసొచ్చి, ఒకసారి కొట్టుకుని, పాట పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అప్పట్లో శనివారం రాత్రి 9:30కి వచ్చిన సంగీత జాతీయ కార్యక్రమం సరిగ్గా ఆ వేళకే. 1952లో మొదలైన ఆ కచేరీలని ఇళ్లలో టేపుల మీద పట్టుకున్నవాళ్లకి ఈ పెరుగుదల తరుగుదలలన్నీ పాటలో భాగమైపోయాయి.

రేడియో ముందు మైకు పెట్టి పట్టిన టేపుల్లో గదంతా ఉంటుంది: గోడ గడియారం, గేదె అరుపు, ‘అన్నానికి రండి’ అని లోపల్నించి ఒక గొంతు. రేడియో వెనక పిన్నులోంచి తీగ లాగి పట్టినవాటిలో పాట మటుకే ఉంటుంది. రెండోదే మేలని అప్పట్లో అందరం అనేవాళ్లం. ఇప్పుడు వింటుంటే ఆ గేదె కూడా కావాలనిపిస్తుంది, అది వేరే సంగతి.

గంటన్నర కచేరీ, 90 నిమిషాల కేసెట్టు. లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ కేసెట్టు మొదట్లో ఖాళీ ముక్క ఐదు సెకన్లు, తిప్పి వేసేటప్పుడు పదో పదిహేనో సెకన్లు పోతాయి. అది 45వ నిమిషం, అంటే ప్రధాన కీర్తన మంచి పాకంలో పడ్డ సమయం. ఇళ్లలో మిగిలిన జాతీయ కార్యక్రమాల టేపుల్లో చాలావాటికి అక్కడ ఒక గొయ్యి ఉంటుంది. తెలిసినవాళ్లు రెండు కేసెట్లు, రెండు యంత్రాలు పెట్టుకుని, మొదటిది అయ్యేలోపే రెండోది నడిపించేవాళ్లు. 120 నిమిషాల కేసెట్టు కొన్నవాళ్లు ఎక్కువ చెడ్డారు. 60 నిమిషాల కేసెట్టు టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, 90ది 12, 120ది 9. ఆ సన్న టేపు సాగుతుంది, రబ్బరు చక్రానికి చుట్టుకుంటుంది, ఒక చుట్టు మీది పాట పక్క చుట్టుకి అంటుకుంటుంది. నిశ్శబ్దంగా ఉండాల్సినచోట, ఆమె పల్లవి ఎత్తుకోవడానికి ఒక క్షణం ముందే, ఆ పల్లవి దయ్యంలా సన్నగా వినిపిస్తే ఆ అంటుకోవడమే.

కేసెట్లకి అసలు శత్రువు మన వాన. మిగతా రాష్ట్రానికి జూన్‌లో వానొస్తే నెల్లూరుకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు, వారాల తరబడి ఆరని గోడలు. టేపు అంచుల మీద తెల్లగా, ఇడ్లీ పిండి చిలకరించినట్టు చుక్కలు కనపడితే అది బూజు. దాన్ని అలాగే యంత్రంలో వేస్తే బూజు టేపుని చదివే హెడ్డుకి అంటి, తర్వాత వేసిన ప్రతి కేసెట్టుకీ పాకుతుంది. ముందు కేసెట్టుని సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతైన డబ్బాలో రెండుమూడు రోజులు ఉంచాలి. తర్వాత ముక్కుకి గుడ్డ కట్టుకుని, టేపుని నూలు రాలని మెత్తటి గుడ్డ మధ్య నుంచి మెల్లగా నడిపించాలి. హెడ్డుని ఐసోప్రొపైల్‌తో తుడవచ్చు. రబ్బరు చక్రానికి సబ్బునీళ్లే చాలు, స్పిరిట్ దాన్ని ఎండబెట్టి పగలగొడుతుంది. బీరువాలో కలరా ఉండలు వేసి కేసెట్లు దాచే అలవాటు ఒకటుంది మన ఇళ్లలో. ఆ ఆవిరికి కేసెట్ల ప్లాస్టిక్ పెట్టెలు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పట్టుచీరలకి వాడుకోండి, పాటలకి వద్దు.

ఏళ్ల తరబడి తీయని కేసెట్టుని నేరుగా వాయించకూడదు. ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పితే చుట్లు వదులవుతాయి. లోపల హెడ్డుకి టేపుని అదిమే స్పాంజి ముక్క ఒకటుంటుంది. జిగురు ఎండి అది రాలిపోతే పాట దూరమై దగ్గరవుతూ ఉంటుంది. టేపు పోయిందని పారేస్తారు. పనికిరాని ఇంకో కేసెట్టులోంచి ఆ ముక్క తీసి అతికిస్తే చాలు. తెగినచోట సెల్లో టేపు అంటిస్తే దాని జిగురు కారి పక్క చుట్లని పట్టేస్తుంది. దీనికని వచ్చే సన్నటి అతుకు టేపే వాడాలి.

రెండు గొంతులు ఒక ముద్ద అయ్యే సంగతి ఇప్పుడు. హెడ్డుకి పక్కనే స్ప్రింగుతో ఒక చిన్న మర ఉంటుంది. అది హెడ్డుని టేపుకి సరిగ్గా నిలువుగా నిలబెడుతుంది. పాట పట్టిన యంత్రంలో ఆ కోణం ఒకలా, వాయించే యంత్రంలో ఇంకోలా ఉంటే పైస్వరాలన్నీ మసకబారతాయి. ముందుగా పోయేవి శ, ష, స. ఆ ఊష్మాక్షరాల బలం చాలావరకు ఆ పైభాగంలోనే. తర్వాత తంబూరా జీరు, అంటే ఆ జుమ్మనే నాదం, పోతుంది, ఆ తర్వాత రెండు గొంతుల మధ్య అంచు పోతుంది. సన్నటి స్క్రూడ్రైవరుతో, పాట నడుస్తుండగా, ఆ మరని పావు చుట్టు కూడా కాకుండా అటూ ఇటూ తిప్పుతూ వినాలి. స్టీరియో మీట మోనోకి పెడితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ‘స’ పదునుగా పలికినచోట ఆపాలి. ప్రతి కేసెట్టుకీ ఇది మళ్లీ చేయాల్సిందే.

ఇక శ్రుతి. అర శ్రుతి తేడా అంటే వేగంలో దాదాపు 6 శాతం. 78 అని రాసున్న ప్లేటు నిజంగా 74 మీద పట్టింది అయ్యుండొచ్చు, పాతవాటిలో అది మామూలే. దాన్ని 78 మీద వాయిస్తే దాదాపు అర శ్రుతి పైకి పోతుంది, తాళం పరుగు పెడుతుంది, యువతి గొంతు చిన్నపిల్ల గొంతవుతుంది. టేపుల్లో ఇంకోరకం. బ్యాటరీలు నీరసించిన రికార్డరు మెల్లగా తిరుగుతూ పాట పట్టుకుంటుంది. దాన్ని మంచి యంత్రం మీద వాయిస్తే పాట వేగంగా, పైశ్రుతిలో వస్తుంది. పట్టేటప్పుడే బ్యాటరీలు క్రమంగా అయిపోతుంటే మొదట ఐదులో ఉన్న కచేరీ మంగళానికి ఐదున్నర దాటుతుంది. ఏ గాయకురాలూ తంబూరాతో సహా అలా ఎక్కదు.

ప్లేటు వేగం చూడటానికి గీతల చక్రం ఉంటుంది. 50 సైకిళ్ల కరెంటు బల్బు వెలుగులో, 33⅓కి 180 గీతలు, 78కి 77 గీతలు కదలకుండా నిలిచినట్టు కనపడాలి. ఎల్ఈడీ దీపాల కింద చాలాసార్లు ఇది పనిచేయదు, అవి అలా మిణకరించవు. పాత ట్యూబ్‌లైటో నియాన్ దీపమో కావాలి. ఇందులోనూ మోసం ఉంది. 1990లలో దక్షిణాది గ్రిడ్డులో కరెంటు 48.5 సైకిళ్లకి పడిపోవడం అరుదేమీ కాదు. కరెంటు సైకిళ్లతోపాటు తిరిగే మోటారున్న టర్న్‌టేబిల్ ఆ సాయంత్రాల్లో 3 శాతం మెల్లగా తిరిగేది. దాన్నుంచి ఎక్కించిన కేసెట్టులో శ్రుతి పావు మెట్టు కిందికి. ఆ దీపం కింద గీతలు మాత్రం బుద్ధిమంతుల్లా కదలకుండా ఉండేవి, దీపమూ మోటారూ కలిసి తప్పాయి కాబట్టి.

టేపులోని కరెంటు మోతని కొలిచి వేగం సరిదిద్దే పద్ధతి ఒకటుంది. మోత 53 దగ్గర కనపడితే టేపు 6 శాతం వేగంగా ఉందని లెక్క. మంచి పద్ధతే, కానీ పైన చెప్పిన 48.5 రోజుల్లో పట్టినదైతే అదే మిమ్మల్ని దారి తప్పిస్తుంది. ఆకాశవాణి టేపుల్లో వార్తలకి ముందు సమయం చెప్పే బీప్‌లు చిక్కితే అవి నమ్మదగ్గవి. సెకనుకొకటి, నాలుగైదింటి మధ్య దూరం కంప్యూటర్‌లో కొలిస్తే వేగం తేలిపోతుంది. అదీ లేకపోతే అదే కీర్తన కంపెనీ వాళ్ల ఎల్పీతో పోల్చాలి, కానీ శ్రుతితోపాటు గమకం నడకనీ చూడాలి. వయసుతో గాయకుల శ్రుతి దిగుతుంది, కాబట్టి 1940ల ప్లేటుని 1970ల శ్రుతికి లాగడం కూడా తప్పే. మాట చాలా సాయం చేస్తుంది. ఆమె ‘భజగోవిందం’ ప్లేటు మొదట్లో రాజాజీ ఇంగ్లీషులో నాలుగు మాటలు చెబుతారు. ముసలాయన గొంతు యువకుడిలా వినపడుతుంటే ప్లేటు వేగం ఎక్కువైనట్టు.

కంప్యూటర్‌లో సరిచేసేటప్పుడు వేగం మార్చే మీట వాడాలి, శ్రుతి ఒక్కటే మార్చేది కాదు. వేగం మారిన తప్పుని వేగంతోనే దిద్దితేనే గొంతు గుణమూ తాళమూ కలిసి వెనక్కొస్తాయి. అర శ్రుతి దించాలంటే 94.4 శాతం, పెంచాలంటే 105.95. ఎక్కించేటప్పుడు 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ మీద, వేవ్ ఫైలుగా పెట్టుకోండి. గట్టి చోట్లు కూడా కంప్యూటర్ మీటరులోని సున్నాకి ఆరు డెసిబెల్స్ కిందే ఉండాలి. దిద్దేది ఎప్పుడూ నకలు మీదే, అసలు ఫైలు ముట్టుకోకుండా ఉంచాలి.

అందరూ పాడుచేసేది ఈ తర్వాతే. రొద తీసేయాలన్న ఆత్రం. ఆడవాళ్లు ఐదు శ్రుతిలో పాడినప్పుడు తంబూరా మంద్ర షడ్జం 98 హెర్ట్జ్, పంచమం తీగ 147. కరెంటు మోత 50 దగ్గర, దాని రెండింతలు, మూడింతలు 100, 150 దగ్గర. మోత తీయమని వెడల్పాటి కత్తెర వేస్తే 100తోపాటు 98, 150తోపాటు 147 తెగిపోతాయి. మోత పోయింది, దాంతో ఆధారశ్రుతీ పోయింది. ఆమె షడ్జం మీద నిలబడినప్పుడు కింద నేల ఉండదు. కరెంటు 49 సైకిళ్లకి పడిన రోజు పట్టిన టేపులో ఇంకా విచిత్రం: దాని రెండింతలు, మూడింతలు సరిగ్గా 98, 147. కరెంటాఫీసే తంబూరా మీటినట్టు. దాన్ని తీయకపోవడమే మర్యాద. వేగం సరిదిద్దాక, ఒక హెర్ట్జ్ వెడల్పున సన్నటి కోత పెట్టి, 50 దగ్గర ఉన్నదాన్ని మాత్రం తగ్గించండి.

గీకుడు, సరసర తీసే పనిముట్లకి పాటకి ముందున్న అర సెకను ఖాళీ రొదని చూపించాలి. ఆ అర సెకనులో తంబూరా ఉందేమో చూసుకోండి, ఉంటే అది దాన్నీ రొద కిందే కడుతుంది. ఆరు డెసిబెల్స్‌కి మించి తగ్గించవద్దు. మించితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు బుడబుడమంటుంది, అనుస్వరాల తోకలు తెగుతాయి, ‘ధ’ ‘ద’ అవుతుంది. తెలుగు సాహిత్యం ఆమె నోట వత్తులతో సహా ఎంత శ్రద్ధగా పలుకుతుందో వినాలనుకుంటే ఆ సరసరని కొంత భరించాలి.

ఆ సాహిత్యం మాట వస్తే మన వైపు వాళ్లకి ఒక అతిశయం ఉంది, దాచుకోవడం ఎందుకు. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల, ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని కాకర్ల వాళ్ల పూర్వీకుల ఊరంటారు. శ్యామశాస్త్రిగారి పెద్దలు కంభం నుంచి వలసపోయారంటారు. ఇద్దరూ పుట్టింది తిరువారూరులో, 1767లో ఒకరు, 1762లో ఒకరు. కంభం చెరువు గట్టున శ్యామశాస్త్రి శంకరాభరణం ‘సరోజదళనేత్రి’ని ఆమె గొంతులో వినే వీలున్నవాళ్లు ఒకసారి వినండి, చెవిలో పెట్టుకునే స్పీకర్లతోనైనా సరే. ‘రంగపుర విహార’ శ్రీరంగం మీద దీక్షితుల కృతి. అయినా తల్పగిరి రంగనాథుడి ఊరైన నెల్లూరులో అది మనదే అని నిశ్చయించుకుని వినేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

1980 ప్రాంతంలో దేవస్థానం కోసం ఆమె ఇచ్చిన ఐదు ఎల్పీల బాలాజీ పంచరత్నమాల దగ్గరికి వచ్చేసరికి గొంతు వేరే. వయసు అరవై దాటింది. బిర్కాల తళుకు తగ్గి, మాట ముందుకొచ్చింది. నేదునూరి కృష్ణమూర్తిగారు రేవతిలో స్వరపరచిన ‘నానాటి బతుకు’ని ఆమె పాడినప్పుడు ఒక్కో మాటకీ ముందు ఉన్న ఖాళీని వినాలి. ఆ ఖాళీలు రొద తీసిన నకళ్లలో చచ్చిన ఖాళీలుగా ఉంటాయి, మంచి ఎల్పీ మీద వాటిలో తంబూరా నడుస్తూ ఉంటుంది. 1940ల ప్లేటు ఒకటి, 1963 సుప్రభాతం, ఈ ఎల్పీ, మూడింటినీ వాటివాటి శ్రుతులకి తెచ్చి వరసగా వినండి. మొదటిదానికి ఇరవై నిమిషాల సరిదిద్దుడు పడుతుంది, రెండోదానికి పది. మూడోది సాధారణంగా బాగానే ఉంటుంది, ముల్లు దుమ్ము తుడిస్తే చాలు.

సుప్రభాతం సరిదిద్దడం అయ్యిందో లేదో తెలియడానికి కొలతలు కూడా అక్కర్లేదు. మొదటి శ్లోకం పూర్తయ్యేలోపు ఎం.ఎస్. గొంతు పక్కన రాధగారి గొంతు విడిగా వినపడుతుందేమో చూడండి. వినపడకపోతే స్క్రూడ్రైవరు మళ్లీ తీయాలి.